బయాలజీ సార్‌ను అడగండి: బఠాణీల తర్వాత ఏం చెప్పాలి?

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా టీచర్లవే. ఎండాకాలం ట్రైనింగులు అయిపోయి బళ్ళు తెరిచిన రోజులు కదా, అక్కడ మింగేసినవన్నీ ఇక్కడ కక్కారు. అందరిదీ దాదాపు ఒకే పాఠం: పదో తరగతి అనువంశికత, అంటే తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు ఎలా వస్తాయో మెండెల్ బఠాణీ మొక్కలతో మొదలుపెట్టి చెప్పేది. నేను ముప్పై ఒక్క ఏళ్ళు వరంగల్ చుట్టుపక్కల ఊళ్ళలో బయోసైన్స్ చెప్పి 2016లో రిటైరయ్యాను. అందులో పదేళ్ళు ట్రైనింగుల్లో రిసోర్స్ పర్సన్‌గా మైకు కూడా పట్టుకున్నాను. కాబట్టి ఈ తిట్లలో నా వాటా నాకుంది, తీసుకుంటున్నాను.

ప్రశ్న: సార్, నేను 1999లో బీజడ్‌సీతో డిగ్రీ చేశాను. బఠాణీలు, పొడుగు పొట్టి, 3:1 నిష్పత్తి, గళ్ళు గీసి చెప్పడం నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మొన్న ట్రైనింగులో జీనోమ్, క్రిస్పర్ అంటూ స్లైడ్ల మీద స్లైడ్లు చూపించారు. తలూపి వచ్చాను. క్లాసులో ఒక పిల్లాడు 'టీచర్, జీనుకూ జీనోముకూ తేడా ఏంటి' అని అడిగితే 'అది ఇంటర్‌లో వస్తది, కూర్చో' అన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
ఒక స్కూల్ అసిస్టెంట్, నర్సంపేట

జవాబు: అమ్మా, 'ఇంటర్‌లో వస్తది, కూర్చో' అని నేను ఎన్నిసార్లు అన్నానో లెక్కే లేదు. ఇంటర్‌లో 'డిగ్రీలో వస్తది' అంటారు. డిగ్రీలో ఆ యూనిట్ వచ్చేసరికి పరీక్షలు వచ్చేస్తాయి.

కొత్తది తర్వాత. ముందు పాతదాంట్లో ఉన్న తప్పు తీసెయ్యండి. నా తప్పు ఒకటి చెప్తాను.

1994. ఊరి పేరు వద్దు. నాలుకను గొట్టంలా మడవగలగడం బహిర్గత లక్షణం, అంటే తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క కాపీ వచ్చినా బయటపడేది; మడవలేకపోవడం అంతర్గత లక్షణం, అంటే రెండు కాపీలూ అవే అయితేనే బయటపడేది అని బోర్డు మీద రాశాను. అప్పట్లో అందరం అదే చెప్పేవాళ్ళం. పిల్లలకు సరదా, పైసా ఖర్చు లేదు. ఇంటికి వెళ్ళి అమ్మను, నాయనను అడిగి రమ్మన్నాను. తెల్లారి ఒక అమ్మాయి లేచి, "సార్, నాకు వస్తది. మా అమ్మకు రాదు, మా బాపుకు రాదు" అంది. నేను బోర్డు దగ్గరికి వెళ్ళి గళ్ళు గీసి, ఇద్దరిలోనూ అంతర్గత జన్యువులే ఉంటే బిడ్డకు బహిర్గత లక్షణం రావడం కుదరదని 'నిరూపించి', "సరిగ్గా అడగలేదు, మళ్ళీ అడిగి రా" అన్నాను. మర్నాడు ఆ పిల్ల మళ్ళీ అదే మాట చెప్పింది. వెనక బెంచీలోంచి ఒకడు ఏదో అన్నాడు. నలుగురు నవ్వారు. వాణ్ణి రెండు పీకాను గానీ, ఆ మాట వాడి నోట్లో పెట్టింది నా పాఠమే. ఆ అమ్మాయి పరీక్షలదాకా నా క్లాసులో మళ్ళీ చెయ్యెత్తలేదు.

నాలుక మడవడం ఒకే జన్యువు పని అని 1940లో రాసినవాడు స్టర్టెవంట్ అనే పెద్ద శాస్త్రవేత్త. 1952లో మ్యాట్‌లాక్ అనే ఆయన ఒకే రూపం కవలల్ని పరీక్షిస్తే 33 జతల్లో 7 జతల్లో ఒకరికి మడత వచ్చింది, ఇంకొకరికి రాలేదు. ఇద్దరి జన్యువులూ ఒకటే అయినప్పుడు ఆ తేడా ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? ఇంకా పుస్తకాల్లో దాన్ని రుజువైన ఉదాహరణగా రాస్తున్నందుకు సిగ్గుగా ఉందని 1965లో స్టర్టెవంటే రాసుకున్నాడు. ఆయన సిగ్గుపడ్డ ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత నేను ఆ పిల్లను నిలబెట్టాను. నాకు ఈ సంగతి తెలిసింది 2007లో. చెవి తమ్మె అతుక్కోవడం, విడిగా ఉండడం కూడా అంతే. 2017లో వచ్చిన ఒక అధ్యయనం దానికి సంబంధించి 49 జన్యు స్థానాల్ని పట్టుకుంది.

అందుకని నా మొదటి సలహా: పిల్లల ఒంటి మీద, వాళ్ళ ఇంట్లోవాళ్ళ మీద జెనెటిక్స్ ప్రయోగాలు ఆపెయ్యండి. బ్లడ్ గ్రూపుల చార్టు కూడా. ఏబీఓ నిజంగానే మెండెల్ లెక్కకు బాగా దగ్గరగా నడుస్తుంది, కాదనను. అయినా పెంపుడు పిల్లలుంటారు, ల్యాబు రిపోర్టులో తప్పులుంటాయి, బాంబే గ్రూపు లాంటి అరుదైనవీ ఉంటాయి. నలభై మంది ముందు తేలాల్సిన విషయాలు కావవి.

రెండోది, మీకు కంఠతా వచ్చిన బఠాణీ దగ్గరే మొదలుపెట్టి లోపలికి దిగండి. గుండ్రటి గింజ బహిర్గతం, ముడతల గింజ అంతర్గతం అని చెప్పి వదిలేస్తాం. అసలు ముడత ఎందుకు పడుతుందో నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. 1990లో దాని గుట్టు విప్పారు. చక్కెరను కొమ్మలు కొమ్మలుగా ఉండే పిండిపదార్థంగా మార్చే ఒక ఎంజైము ఉంది. జన్యువులన్నీ డీఎన్‌ఏ అనే పొడుగాటి దారంలో అక్షరాల్లా రాసి ఉంటాయి. ఆ ఎంజైము జన్యువు మధ్యలో దాదాపు 800 అక్షరాల అదనపు డీఎన్‌ఏ ముక్క వచ్చి దూరింది. జన్యువు చెడింది, ఎంజైము పనిచెయ్యలేదు. గింజలో చక్కెర మిగిలిపోయింది, చక్కెర నీళ్ళను ఎక్కువ లాక్కుంది, గింజ ఉబ్బింది. ఎండాక ఆ నీళ్ళు పోయి తోలు ముడుచుకుంది. ఇంతే. ఇది చెప్పాక 'అంతర్గతం' అన్న మాట పిల్లలకు కొత్తగా అర్థమవుతుంది. అది బలహీనమైన జన్యువు కాదు, పనిచెయ్యని కాపీ. రెండో కాపీ బాగుంటే ఆ ఒక్కటే ఎంజైము చేసి గింజను గుండ్రంగా ఉంచుతుంది. మెండెల్ 1866లో అచ్చువేసిన లెక్కకూ ఇప్పటి డీఎన్‌ఏకూ మధ్య వంతెన అదే గింజలో ఉంది.

ఇక ఆ పిల్లాడి ప్రశ్న. జీను, అదే జన్యువు, అంటే ఒక వంటకం రాసిన పేజీ అనుకుంటే, జీనోమ్ అంటే ఆ మొత్తం పుస్తకం. పుస్తకం ఎంత లావో చెప్తేగానీ వాడికి ఆనదు. మనిషి జీనోములో తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చే ఒక సెట్టుకు సుమారు 300 కోట్ల అక్షరాలు. ఏ, టీ, జీ, సీ అనే నాలుగే అక్షరాలు, మళ్ళీ మళ్ళీ. పత్రిక పేజీకి మూడు వేల అక్షరాలు వేసుకోండి. పది లక్షల పేజీలు. వంద పేజీల వారపత్రిక అయితే 192 ఏళ్ళ సంచికలు. అందులో ప్రోటీన్ల తయారీ రాసి ఉన్న జన్యువులు సుమారు ఇరవై వేలు. వాటిలో నేరుగా ప్రోటీనుగా మారే రాతంతా కలిపినా వంద పేజీల సంచికలో పేజీన్నరే. మిగతాదాంట్లో ఎప్పుడు ఏ పేజీ తెరవాలో చెప్పే భాగాలున్నాయి, ఎందుకుందో ఇంకా తేలని భాగాలూ ఉన్నాయి. ఈ పుస్తకాన్ని చదవడం 1990లో మొదలుపెట్టి 2003లో అయిపోయిందన్నారు. నిజానికి చదవలేక వదిలేసిన చోట్లు కొన్ని మిగిలాయి. అవి పూర్తయింది 2022లో. ఈ లెక్క బోర్డు మీద పిల్లలతోనే చేయించండి. లెక్కల సార్‌ను కూడా పిలవండి, ఆయనకూ మార్పుగా ఉంటుంది.

మీరు చదువుకోవడానికైతే, ముందుగా ఇంటర్ రెండో ఏడు బాటనీ, జువాలజీ పుస్తకాలు తెలుగులో తీసుకోండి. సిగ్గేం లేదు. నేను యాభై దాటాక చదివాను, చీకటి పడ్డాక, ఇంట్లో పిల్లలు చూడకుండా.

ప్రశ్న: నేను ఉట్నూరు వైపు ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తాను. మా పిల్లలకు సికిల్ సెల్ అనే రక్తపు జబ్బుకు పరీక్షలు చేశారు. కార్డులు వచ్చినప్పటి నుంచి కొందర్ని మిగతావాళ్ళు 'రోగం పిల్లలు' అంటున్నారు. అనువంశికత పాఠంలో దీన్ని చెప్పాలా, దాటెయ్యాలా?
ఒక టీచరు

జవాబు: దాటెయ్యొద్దు తమ్ముడూ. బఠాణీ ఒక పీరియడ్ తక్కువైనా ఫర్వాలేదు. మీ బడిలో జెనెటిక్స్ అంటే ఇదే.

నోరు తిరగని పేరున్న పెద్ద జబ్బులా కాకుండా, అక్షరదోషంలా చెప్పండి. మన రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లో బీటా గ్లోబిన్ అనే గొలుసు ఉంటుంది. ఆ గొలుసులో పూసల్లాంటివి అమైనో ఆమ్లాలు, జన్యువులో మూడేసి అక్షరాలకు ఒక పూస. దాని జన్యువులో ఆరో అమైనో ఆమ్లం దగ్గర 'జీఏజీ' అని ఉండాలి. సికిల్ సెల్‌లో అది 'జీటీజీ' అయింది. మధ్య అక్షరం ఒక్కటే మారింది. దాంతో గ్లుటామిక్ ఆమ్లం బదులు వ్యాలిన్ వచ్చి చేరుతుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడుగ్గా కడ్డీలు కడతాయి, గుండ్రటి ఎర్ర కణం కొడవలిలా వంగిపోతుంది, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. నొప్పి అందుకే. 192 ఏళ్ళ సంచికల్లో ఒక్క అక్షరం అని పై జవాబులోని లెక్క గుర్తు చేస్తే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు.

తర్వాత రెండు రూపాయి బిళ్ళలు తీసుకోండి. ఒకటి తల్లి, ఒకటి తండ్రి, ఇద్దరూ వాహకులు, అంటే ఒక్కొక్కరిలో ఒక మామూలు కాపీ, ఒక మారిన కాపీ. బొమ్మ అంటే మామూలు కాపీ, బొరుసు అంటే మారిన కాపీ. రెండూ బొరుసు పడితేనే బిడ్డకు జబ్బు. పిల్లలందరూ జతలుగా కూర్చుని నాలుగేసిసార్లు ఎగరేసి రాసుకోవాలి. నలుగురు పిల్లల్లో ఒకరికే వస్తుందని అనుకున్నవాళ్ళకు ఒక జతలో రెండు వస్తాయి, ఇంకో జతలో ఒక్కటీ రాదు. ప్రతి కాన్పుకూ బిళ్ళలు కొత్తగా ఎగరేసినట్టే, ప్రతిసారీ పాతిక శాతం, ముందు కాన్పుకు ఏమైందో బిళ్ళకు గుర్తుండదు. ఇది తల్లి కాపీలు ఒక వైపు, తండ్రివి ఇంకో వైపు రాసే పన్నెట్ గళ్ళతో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు, బిళ్ళతో ఎక్కుతుంది. మొత్తం క్లాసు లెక్కలు కలిపితే పాతికకు దగ్గరపడుతుంది. అప్పుడు గళ్ళు గీయండి.

'రోగం పిల్లలు' అనే మాటకు జవాబు అక్కడే ఉంది. మారిన కాపీ ఒక్కటే ఉన్నవాళ్ళు వాహకులు, వాళ్ళు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. పైగా ప్రాణం తీసే మలేరియా నుంచి ఆ ఒక్క కాపీ కొంత కాపాడుతుంది. మలేరియా పీడించిన అడవి ప్రాంతాల్లో తరతరాలుగా ఆ కాపీ నిలిచింది అందుకే. అది ఆ పిల్లల తాతముత్తాతల్ని బతికించిన అక్షరం. ఇది చెప్పేటప్పుడు ఎవరి వైపూ చూడకండి. ఎవరి కార్డు రంగు ఏదో క్లాసులో అడగొద్దు, రిజిస్టర్లో రాయొద్దు, ఇంకో సార్‌తో స్టాఫ్‌రూములో మాట్లాడొద్దు. ఏఎన్‌ఎంకూ తల్లిదండ్రులకూ తెలిస్తే చాలు. హాస్టల్ వార్డెనుకు మాత్రం ఒక మాట చెప్పాలి: జబ్బు ఉన్న పిల్లలు నీళ్ళు బాగా తాగాలి, చలిలో, ఎండలో ఎక్కువసేపు నిలబెట్టకూడదు, నొప్పి అంటే నాటకమనుకోకూడదు.

సికిల్ సెల్‌ను 2047 నాటికి లేకుండా చెయ్యాలని 2023 జులైలో కేంద్రం ఒక మిషన్ మొదలుపెట్టింది, మీ బడిలో పరీక్షలు అందులో భాగమే అయ్యుంటాయి. పెద్ద పిల్లలు 'దీనికి మందు లేదా సార్' అంటారు. హైడ్రాక్సీయూరియా అనే మాత్ర చాలామందికి నొప్పులు తగ్గిస్తుంది. క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో చేసే చికిత్స ఒకదానికి 2023 నవంబరులో బ్రిటన్‌లో, డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. అప్పుడు అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. దాంట్లో ఆ తప్పు అక్షరాన్ని దిద్దరు. కడుపులో బిడ్డగా ఉన్నప్పుడు మనకు ఇంకో రకం హిమోగ్లోబిన్ ఉంటుంది, పుట్టాక దాన్ని ఆపేసే మీట ఒకటుంది. ఆ మీటను కత్తిరిస్తే పాత హిమోగ్లోబిన్ మళ్ళీ తయారవుతుంది. తప్పు తప్పుగానే ఉంటుంది, పని నడుస్తుంది. ధర సంగతి కూడా దాచకుండా చెప్పండి, ఆశ పెట్టి వదలకండి.

ప్రశ్న: మేనరికం గురించి చెప్తూ, ఎవరి అమ్మానాన్నలది మేనరికమో చేతులెత్తమన్నాను. క్లాసయ్యాక ఒక అమ్మాయి వచ్చి 'మేడమ్, నాకు ఏమన్నా అయితదా' అని ఏడ్చింది. ఏం చెప్పాలో తెలియలేదు.
ఒక బయోసైన్స్ టీచరు, జనగామ

జవాబు: చేతులెత్తమనడం తప్పే అమ్మా, నా నాలుక కథలాంటిదే. ఆ పిల్లతో ఇప్పుడైనా మాట్లాడండి, ఈ లెక్కతో.

మనందరిలోనూ పనిచెయ్యని కాపీలు కొన్ని ఉంటాయి, రెండో కాపీ బాగుండడం వల్ల నడిచిపోతుంది. మేనత్త మేనమామ బిడ్డలు ఒకే అవ్వాతాతల నుంచి వచ్చారు కాబట్టి వాళ్ళ జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడి. వాళ్ళ బిడ్డలో ఏ చోటైనా రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం పదహారో వంతు. మేనమామ మేనకోడలు అయితే ఎనిమిదో వంతు. చుట్టరికం లేని జంటలకు పుట్టే వందమంది పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో తీవ్రమైన సమస్య ఏదో ఉంటుంది. మేనబావ మరదళ్ళ బిడ్డల్లో అది నలుగురి నుంచి ఆరుగురి దాకా. రెట్టింపంటే పెద్దదే. అయినా తొంభై నలుగురు బాగానే పుడతారు, ఆ అమ్మాయి ఆ తొంభై నలుగురిలో ఒకతె, పదిహేనేళ్ళొచ్చి మీ ముందు నిలబడి ఉంది. 'నీకు పెద్ద గండం దాటిపోయింది బిడ్డా, నువ్వు బాగున్నావు' అని చెప్పండి. ఆమె పెళ్ళి మాట వచ్చే రోజుకు ఈ లెక్క ఆమె దగ్గర ఉండడమే మన పాఠం పని. ఇంట్లో చెవుడో, తలసీమియానో, చిన్నప్పుడే పోయిన పిల్లలో ఉంటే పెళ్ళికి ముందో కాన్పుకు ముందో డాక్టరును అడగాలని కూడా ఆ రోజుకు గుర్తుంటుంది.

మేనరికం చేసుకోనివాళ్ళు మాకేం కాదని సంబరపడుతుంటారు. వందల ఏళ్ళుగా అదే కులంలో, అవే ఊళ్ళ మధ్య పిల్లనిచ్చి పుచ్చుకుంటే కొద్దిమంది పూర్వీకుల కాపీలే తిరిగి తిరిగి వస్తాయి. 2017లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న ఒక అధ్యయనం, మన దేశంలో చాలా సమూహాల్లో ఈ జాడ గట్టిగా ఉందని చూపింది. దాన్ని పట్టుకుని ఏ కులం జన్యువులు గొప్పవని ఎవరైనా క్లాసులో మొదలుపెడితే అక్కడే ఆపండి. కొద్దిమంది నుంచి పెరిగిన గుంపులో ఏ కాపీ మిగిలిందన్నది చీట్లు తీసినట్టు. గొప్పకూ తక్కువకూ అందులో చోటు లేదు.

ప్రశ్న: పత్తి రైతును. మా అబ్బాయి బయాలజీ టీచరు. బీటీ విత్తనం వేరు, కొత్తగా వచ్చిందన్న ఎడిటింగ్ వరి వేరు అంటాడు. రెండూ జన్యువును కెలికినవే కదా?
పరకాల

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే అన్నా. అయితే మీరు అడిగింది కూడా సరైన ప్రశ్నే, మా ట్రైనింగుల్లో టీచర్లు కూడా ఇక్కడే తికమకపడతారు.

బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా నుంచి జన్యువు తెచ్చి పత్తిలో పెట్టారు. ఆ ప్రోటీను కాయతొలుచు పురుగు పేగులో చిల్లులు పెడుతుంది. అంటే బయటి జీవి జన్యువు. తర్వాత గులాబి రంగు పురుగు దానికి అలవాటు పడింది, ఆ సంగతి ఎనుమాముల మార్కెట్లో పత్తి దింపేవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఒకే విషానికి ఏళ్ళ తరబడి ఎదురుపడితే తట్టుకున్న పురుగే పిల్లల్ని పెడుతుంది. పదో తరగతిలో పరిణామానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు, పిల్లలు దాన్ని చేలో చూసి వస్తారు.

వరికి మీకు తెలిసిన బీపీటీనే తీసుకుందాం, 5204, సాంబమసూరి. 1986లో బాపట్లలో విడుదలైంది. మామూలు సంకరంతో పుట్టింది. దానికి బ్యాక్టీరియా ఎండాకు తెగులు తగులుతుందని, తట్టుకునే మూడు జన్యువుల్ని ఇతర వరి నుంచి సంకరం చేసి తెచ్చారు. ఏ మొక్కలోకి మూడూ వచ్చాయో డీఎన్‌ఏ గుర్తులు చూసి ఏరుకున్నారు. సీసీఎంబీ, హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ కలిసి చేసిన పని, 2008లో బయటికి వచ్చింది. 2025 మే నెలలో 'కమల' అనే ఎడిటింగ్ వరిని ప్రకటించారు. అదీ సాంబమసూరే, కానీ క్రిస్పర్‌తో గింజల సంఖ్యకు కళ్ళెం వేసే జన్యువును కత్తిరించారు. బయటి జన్యువు చివరికి అందులో మిగలదు. దిగుబడి పెరుగుతుంది, ముందే కోతకు వస్తుంది అని తయారుచేసినవాళ్ళ మాట. మీ చేలో ఎలా ఉంటుందో నాలుగు సీజన్లు చూసి మీరే నాకు రాయండి.

క్రిస్పర్ అంటే ఏంటని అబ్బాయి క్లాసులో అడిగితే, ఓటరు లిస్టులో ఒక పేరు వెతికి కొట్టెయ్యడంలాంటిదని చెప్పమనండి. సుమారు ఇరవై అక్షరాల వరస ఇస్తే అది ఎక్కడుందో వెతికి అక్కడ కత్తెర వేస్తుంది. బ్యాక్టీరియాలు వైరస్‌ల మీద వాడుకునే ఆయుధమే. దాన్ని కోరిన చోట కత్తిరించే పనిముట్టుగా 2012లో చూపించిన షార్పాంటియే, డౌడ్నా అనే ఇద్దరు ఆడవాళ్ళకు 2020లో నోబెల్ వచ్చింది. లిస్టులో అదే పేరుతో ఇంకొకరుంటే వాళ్ళ పేరూ పోవచ్చు. ఆ భయం కూడా చెప్పాలి.

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి. ఉమ్మి తీసుకుని డీఎన్‌ఏ చూసి, డాక్టరు అవుతుందో ఇంజినీరు అవుతుందో చెప్తామంటున్నారు. చేయించమంటారా?
హన్మకొండ

జవాబు: వద్దమ్మా. ఎత్తు అనేది టేపుతో కొలిచే లక్షణం. దానికి సంబంధించిన తేడాలు జీనోములో ఎన్నిచోట్ల ఉన్నాయో 54 లక్షల మందిని చూసి 2022లో లెక్కపెడితే పన్నెండు వేలు తేలాయి. డాక్టరుగిరీకి టేపు కూడా లేదు. ఆ డబ్బుతో పాపకు సైకిలు కొనండి.

ప్రశ్న: నన్ను ఈసారి జిల్లా రిసోర్స్ పర్సన్‌గా వేశారు. రెండు రోజులు, నలభై మంది టీచర్లు, విషయం ఆధునిక జన్యుశాస్త్రం. ల్యాబు లేదు. ఏం చేయించాలి?
మహబూబాబాద్

జవాబు: నా మొదటి ట్రైనింగులో నేను 112 స్లైడ్లు చూపించాను. భోజనం తర్వాత లైట్లార్పి. ముందు వరసలో ఒక పెద్దమనిషి గురక పెట్టాడు, నేను గొంతు పెంచాను. అది మీరు చెయ్యకండి.

పొద్దున్నే అందరికీ చిన్న చీటీలు ఇవ్వండి. ఈ పాఠంలో మీకే అర్థంకానిది ఒకటి రాయండి, పేరు వద్దు అని చెప్పండి. ఇరవై ఏళ్ళ సర్వీసున్న టీచరు పక్కవాళ్ళ ముందు 'క్రోమోజోముకూ డీఎన్‌ఏకూ సంబంధం నాకు తెలియదు' అనడు, చీటీలో రాస్తాడు. నేను ఒకసారి అలా అడిగితే ఆ ప్రశ్నే పదకొండు చీటీల్లో వచ్చింది. మీ రెండు రోజుల టైంటేబుల్ ఆ చీటీల్లో ఉంటుంది.

తర్వాత అరటిపండు. ముందురోజు రాత్రే మెడికల్ షాపు స్పిరిట్ సీసా ఫ్రీజర్లో పెట్టాలి. బడికి ఫ్రిజ్ లేకపోతే ఐస్‌క్రీం బండివాణ్ణి బతిమాలండి. బాగా మగ్గిన అరటిపండు సగం, అర గ్లాసు నీళ్ళు, ఒక చెంచా గిన్నెలు తోమే లిక్విడ్, చిటికెడు ఉప్పు పాలిథిన్ కవర్లో వేసి మూడు నిమిషాలు మెల్లగా పిసకాలి. నురగ రానియ్యొద్దు. చాయ్ జాలీ మీద పల్చటి బట్ట వేసి వడకట్టి, సన్నటి గ్లాసులోకి తీసుకోవాలి. చల్లటి స్పిరిట్ గ్లాసు అంచు వెంబడి జారుతున్నట్టు పోయాలి, కలపకూడదు. ఐదు నిమిషాల్లో రెండింటి మధ్య తెల్లటి పోగులు లేస్తాయి, చీపురు పుల్లకు చుట్టుకోవచ్చు. సబ్బు కణం పొరను, కేంద్రకం పొరను కరిగిస్తుంది. ఉప్పు ఉన్నప్పుడు స్పిరిట్‌లో డీఎన్‌ఏ కరగక పైకి తేలుతుంది. దగ్గర్లో మంట ఉండకూడదు. ఒక్క మాట ఒప్పుకోవాలి: ఆ పోగుల్లో ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్లు కూడా ఉంటాయి, పుస్తకంలో గీసే డీఎన్‌ఏ మెలి తిరిగిన నిచ్చెన కంటికి కనిపించదు. కనిపించిందని చెప్పే టీచరు ప్రతి బ్యాచిలోనూ ఒకరుంటారు.

నలభై మందిలో సగం మందికి మొదటిసారి రాదు. స్పిరిట్ చల్లగా ఉండదు, లేదా ధారగా పోసేస్తారు. ఫెయిలైన గ్లాసుల్ని పారబొయ్యనివ్వకండి, ఎందుకు రాలేదో వాళ్ళే చెప్పాలి. ఆ గంట నా 112 స్లైడ్లకన్నా ఎక్కువ పనిచేసింది. మధ్యాహ్నం సికిల్ సెల్ అక్షరాలు కాగితం పట్టీల మీద రాయించి, రూపాయి బిళ్ళలు ఎగరేయించండి. టీఏ, డీఏ ఫారాల గొడవ కూడా ఆ మొదటి రోజే తేల్చెయ్యండి, లేకపోతే రెండో రోజు ఎవరి మనసూ క్లాసులో ఉండదు. కాకతీయ యూనివర్సిటీ నుంచో, నిట్ నుంచో ఎవరినైనా పిలిస్తే ప్రొఫెసర్‌ను కాదు, పీహెచ్‌డీ చేస్తున్న పిల్లల్ని పిలవండి. వాళ్ళకు పైపెట్ పట్టిన చేతుల కథలుంటాయి.

రెండో రోజంతా టీచర్లే చెప్పాలి. ఒక్కొక్కరికి పది నిమిషాలంటే నలభై మందికి కుదరదు, నాలుగు గదుల్లో పదేసి మంది. చెప్పేవాళ్ళు పోను మిగతావాళ్ళు పదో తరగతి పిల్లలు. వాళ్ళు చీటీల్లోని ప్రశ్నలే అడగాలి, ఒకరు తప్పకుండా 'మా అమ్మకు రాదు, మా బాపుకు రాదు, నాకెట్ల వచ్చింది సార్' అని అడగాలి. 'ఇంటర్‌లో వస్తది' అన్నవాళ్ళు మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. ఏదో ఒక గదిలో వెనక బెంచీ ఒకటి ఖాళీగా ఉంచి తేదీ రాయండి. హన్మకొండలో మొదటి బస్సెక్కి వస్తాను, ఆ ప్రశ్న నేనే అడుగుతాను.